ఫోన్ వైర్‌లెస్ ఛార్జింగ్: కొనే ముందు నుంచి ఎండాకాలం దాకా పూర్తి మార్గదర్శి

వైర్‌లెస్ ఛార్జర్ కొనుక్కున్న నా స్నేహితుల్లో చాలామంది ఇప్పుడు దాన్ని వాడట్లేదు. ఎందుకని అడిగితే అందరూ చెప్పేవి మూడే: మెల్లగా ఎక్కుతోంది, ఫోన్ వేడెక్కిపోతోంది, రాత్రి పెట్టి పొద్దున చూస్తే ఛార్జింగే ఎక్కలేదు. నిజానికి వీటిలో చాలావరకు ఛార్జర్ చెడిపోవడం వల్ల వచ్చేవి కావు. ఫోన్‌లో ఉన్న కాయిల్ (తీగచుట్ట), ఫోన్ పెట్టే ఛార్జింగ్ ప్యాడ్‌లో ఉన్న కాయిల్ ఒకదాని మీద ఒకటి సరిగ్గా రాకపోవడం, గోడకు పెట్టిన అడాప్టర్ సరిపోకపోవడం, పుట్టిన వేడికి బయటికి పోయే దారి లేకపోవడం, ఈ మూడే అసలు కారణాలు. అందులోనూ మన దగ్గర మే నెలలో డాబా ఇంటి పై అంతస్తులో గది లోపలే 36, 38 డిగ్రీలు ఉంటుంది కాబట్టి మూడోదే మనకు పెద్ద శత్రువు. ఈ గైడ్‌లో వేడి గురించి మిగతావాటి కంటే ఎక్కువ రాయడానికి కారణం అదే.

ముందు లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి

ఇది తెలిస్తే కింద రాసిన సగం సలహాలు మీకే తట్టేస్తాయి. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే దీని వెనక ఉన్న సూత్రం. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌లో జరిగేది కూడా అదే: ఒక తీగచుట్టలో కరెంటు దిశ మారుతూ ఉంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ క్షేత్రంలో ఉన్న రెండో తీగచుట్టలో కరెంటు పుడుతుంది, రెండిటి మధ్య తీగ అక్కర్లేదు. ప్యాడ్‌లో అడుగున ఒక రాగి కాయిల్ ఉంటుంది. అడాప్టర్ నుంచి వచ్చిన, ఒకే దిశలో పారే డీసీ కరెంటును ప్యాడ్ సెకనుకు లక్ష సార్లకు పైగా దిశ మార్చి ఆ కాయిల్‌లోకి పంపిస్తుంది. ఫోన్ వెనక అద్దం లోపల పల్చని కాయిల్ ఇంకొకటి ఉంటుంది, దాని వెనక ఫెరైట్ పొర ఉంటుంది, ఆ క్షేత్రం బ్యాటరీ మీదకు, బోర్డు మీదకు పోకుండా కాచేది అదే. కాయిల్‌లో పుట్టిన కరెంటును ఫోన్ మళ్లీ డీసీగా మార్చుకుని బ్యాటరీకి ఇస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఏంటంటే ఫోన్, ప్యాడ్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. ఖాళీగా ఉన్న ప్యాడ్ ఉండుండి ఒక చిన్న సంకేతం వదిలి ఎవరైనా ఉన్నారా అని చూస్తుంది. జవాబు వస్తేనే పవర్ మొదలుపెడుతుంది. ఆ తర్వాత కూడా ఫోన్ తన కాయిల్ మీద లోడ్‌ను కొద్దికొద్దిగా మార్చుతూ, ఇంకొంచెం పెంచు, ఇప్పుడు తగ్గించు, చాలు ఆపు అని చెబుతూనే ఉంటుంది. ప్యాడ్ మీద చెయ్యి పెడితే షాక్ కొడుతుందేమో, పిల్లలు ముట్టుకుంటే ఎలా అని టెన్షన్ పడేవాళ్లు ఉంటారు. చెయ్యికి జవాబిచ్చే చిప్ లేదు కాబట్టి ప్యాడ్ పవర్ మొదలుపెట్టదు, భయం అక్కర్లేదు.

ఇక నష్టం సంగతి. గోడ ప్లగ్ దగ్గర తీసుకున్న కరెంటులో, అన్నీ సరిగ్గా కుదిరితే సుమారు 60 నుంచి 70 శాతం బ్యాటరీకి చేరుతుంది. కేబుల్‌తో అయితే ఇది 80, 85 దాకా వెళ్తుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే సుమారు 19 వాట్-అవర్లు. రోజుకొక ఫుల్ ఛార్జ్ లెక్క వేసుకున్నా ఏడాదికి అదనంగా ఖర్చయ్యేది రెండు మూడు యూనిట్లే, కరెంటు బిల్లులో అది తెలియను కూడా తెలియదు. కానీ ఆ పోయిన కరెంటంతా వేడిగా మారేది ఫోన్ వీపు దగ్గర, ప్యాడ్‌లో. ఒక ఛార్జింగ్‌కు కేబుల్‌తో మూడు నాలుగు వాట్-అవర్లు వేడిగా పోతే, వైర్‌లెస్‌తో పది దాకా పోతాయి. బాధంతా దీనితోనే.

మొదటి మెట్టు: మీ ఫోన్‌కి ఈ సదుపాయం ఉందా

ఐఫోన్ అయితే 2017లో వచ్చిన 8, 8 ప్లస్, ఎక్స్ నుంచి ఇప్పటిదాకా అన్నింటికీ ఉంది. శాంసంగ్‌లో 2015 నాటి ఎస్6 నుంచి దాదాపు ఎస్ సిరీస్ మొత్తానికి, మడత ఫోన్లకు ఉంది; ఎక్కువగా అమ్ముడయ్యే ఏ, ఎం, ఎఫ్ సిరీస్‌లకు లేదు. పిక్సెల్‌లో తక్కువ ధర మోడళ్లకు 7ఏతో వచ్చింది. మిగతా కంపెనీల్లో మాత్రం మోడల్ మోడల్‌కీ చూసుకోవాల్సిందే. వన్‌ప్లస్ 11లో లేదు, 12లో ఉంది. నథింగ్ ఫోన్ 2లో ఉంది, 2ఏలో లేదు. పాతిక వేల లోపు ధరలో ఉన్నవి చాలా తక్కువ, 2024లో వచ్చిన ఇన్ఫినిక్స్ నోట్ 40 ప్రో ఆ కొద్దిలో ఒకటి.

వెనక గ్లాస్ ఉంది కదా అని ఉన్నట్టే అనుకోకండి, ఎన్‌ఎఫ్‌సీ (ఫోన్ తాకించి డబ్బు కట్టే సదుపాయం) ఉంటే ఇదీ ఉంటుందని షాపులో చెబితే నమ్మకండి, రెండూ వేరు. కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ తెరిచి బ్యాటరీ భాగంలో వైర్‌లెస్ ఛార్జింగ్ ఎన్ని వాట్లో రాసి ఉందా చూడండి. లేకపోతే తెలిసినవాళ్ల ప్యాడ్ మీద ఒక్క నిమిషం పెట్టి చూడండి, అంతకంటే గట్టి రుజువు లేదు.

లేని ఫోన్‌కి వెనక అతికించుకునే స్టిక్కర్ లాంటి రిసీవర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. పల్చని కాయిల్, దాన్నుంచి వచ్చే చిన్న రిబ్బన్ కేబుల్, చివర టైప్-సి పిన్ను. పని చేస్తాయి, కాదనను. కానీ ఎక్కేది ఎక్కువగా 5 నుంచి 10 వాట్ల లోపే, టైప్-సి పోర్టు ఎప్పుడూ మూసుకుపోయి ఉంటుంది, కవర్ కింద మడత పడిన రిబ్బన్ కొన్ని నెలల్లో తెగుతుంది, అన్నింటికీ మించి వేడి. మెటల్ వీపు ఉన్న ఫోన్‌కి అసలు కొనకండి. పోర్టు పాడైపోయి వేరే దారి లేని పాత ఫోన్‌కి తప్ప నేను ఎవరికీ దీన్ని చెప్పను.

రెండో మెట్టు: ప్యాడ్ ఎంచుకోవడం

పెట్టె మీద క్యూఐ అనే గుర్తు చూడండి. పలకడం చీ అని పలకాలి, షాపులో మాత్రం క్యూఐ అంటేనే అర్థమవుతుంది. వైర్‌లెస్ పవర్ కన్సార్షియం అని 2008లో మొదలైన సంఘం పెట్టిన ప్రమాణం ఇది. 2010లో వచ్చిన మొదటి వెర్షన్ 5 వాట్ల దాకా ఇచ్చేది, తర్వాత 15 వాట్లకు పెంచారు. 2023లో ప్రకటించిన క్యూఐ2 అసలైన మార్పు. ఆపిల్ 2020లో ఐఫోన్ 12తో తెచ్చిన మ్యాగ్‌సేఫ్‌లోని అయస్కాంతాల వలయాన్నే ఆ సంఘం అందరికీ పనికొచ్చేలా ప్రమాణంలోకి తీసుకుంది. అయస్కాంతాలు ఫోన్‌ని లాగి సరిగ్గా కాయిల్ మీద కాయిల్ వచ్చేలా కూర్చోబెడతాయి. 2025లో దీన్నే 25 వాట్లకు పెంచారు.

ఇక్కడ డబ్బా మీద ఉన్న అంకెను చూసి మోసపోవద్దు. 15 వాట్స్ అని రాసి ఉన్న మామూలు ప్యాడ్ మీద ఐఫోన్ పెడితే 7.5 వాట్లే తీసుకుంటుంది. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్లలో చాలావాటికి 15 రావాలంటే మ్యాగ్‌సేఫ్ గానీ క్యూఐ2 గానీ ఉండాలి. వన్‌ప్లస్, షావోమి, మోటరోలాల పెద్ద ఫోన్లు 50 వాట్లు అంటాయి, అది ఆయా కంపెనీల సొంత స్టాండ్ మీదే. అదే ఫోన్ మామూలు క్యూఐ ప్యాడ్ మీద 5 నుంచి 15 వాట్ల మధ్య ఎక్కడో ఆగిపోతుంది. ఫోన్‌కి ఎంత సత్తా ఉన్నా, ప్యాడ్‌కి ఎంత సత్తా ఉన్నా, రెండింటికీ ఒప్పందం కుదిరిన చోటే వేగం.

నా సలహా సూటిగా చెప్తాను. మీది ఐఫోన్ 12 లేదా ఆ తర్వాతిది అయితే, అయస్కాంతాలు లేని 16ఈ, 2022 నాటి ఎస్ఈ తప్ప, క్యూఐ2 ముద్ర ఉన్న ప్యాడ్ కొనండి, మామూలుది వద్దు. పిక్సెల్ 10కి కూడా లోపల అయస్కాంతాలున్నాయి, అదే మాట. గెలాక్సీ ఎస్25లో అయస్కాంతాలు లేవు, కానీ అయస్కాంత వలయం ఉన్న కవర్ తొడిగితే క్యూఐ2 ప్యాడ్‌కి చక్కగా అతుక్కుంటుంది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లకు క్యూఐ ముద్ర ఉన్న 15 వాట్ల ప్యాడ్ చాలు. మ్యాగ్నెటిక్ అని మాత్రమే రాసి, క్యూఐ2 అని రాయని చవక రకాలు చాలా ఉన్నాయి, వాటి అయస్కాంతం పట్టుకోవడానికే, ఐఫోన్‌కి వేగం పాత 7.5 దగ్గరే ఉంటుంది.

ఫోన్, ఇయర్‌బడ్స్, వాచ్ మూడూ ఒకేదాని మీద పెట్టుకునేవి చూడటానికి బాగుంటాయి. కొనే ముందు వాచ్ ఏదో చూసుకోండి. ఆపిల్ వాచ్ మామూలు క్యూఐ ప్యాడ్ మీద ఎక్కదు, దానికి దాని సొంత గుండ్రని ఛార్జర్ భాగం ఉండాల్సిందే. మూడూ ఒకేసారి పెడితే ఫోన్‌కి వచ్చే వాటా తగ్గుతుంది, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

మూడో మెట్టు: అడాప్టర్

ప్యాడ్‌తో పాటు డబ్బాలో ఎక్కువసార్లు అడాప్టర్ రాదు, కేబుల్ ఒక్కటే వస్తుంది. ఇంట్లో ఎప్పటిదో పాత 5 వాట్ల అడాప్టర్ తీసి దానికి పెట్టేస్తాం. ప్యాడ్ లైట్ వెలుగుతుంది, ఫోన్‌లో ఛార్జింగ్ గుర్తు వస్తుంది, కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. ప్యాడ్ 15 వాట్లు ఇవ్వాలంటే దానికి 9 వోల్టులు కావాలి, నష్టాలు పోను కనీసం 20 వాట్ల అడాప్టర్ ఉండాలి, అది పీడీ (యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే ఛార్జింగ్ ప్రమాణం) రకమైతే ఇంకా నిశ్చింత. క్యూఐ2 25 వాట్లకైతే 30 వాట్లది పెట్టండి. ఫోన్‌తో వచ్చిన 67, 80 వాట్ల అడాప్టర్ ఉంది కదా అంటారేమో, వాటిలో కొన్ని తమ సొంత ఫోన్‌కే పెద్ద వేగం ఇస్తాయి, ప్యాడ్‌కి పెడితే 5 వోల్టుల దగ్గరే నిలిచిపోతాయి. అడాప్టర్ మీద సన్న అక్షరాల్లో అవుట్‌పుట్ అని ఉంటుంది, అక్కడ పీడీ అని, 9 వోల్టులు అని ఉందో లేదో చదవండి.

అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి, మన దేశంలో అమ్మే అడాప్టర్లకు, పవర్‌బ్యాంకులకు అది తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీ పేరు మీద రిజిస్టరైందో చూపిస్తుంది. ఫుట్‌పాత్ మీద నూట యాభైకి కొన్న అడాప్టర్‌తో రాత్రంతా తల పక్కన ఛార్జింగ్ పెట్టి పడుకునే ముందు ఆ ఒక్క నిమిషం పని చేయండి.

నాలుగో మెట్టు: ఫోన్ వెనక ఏముందో తీసి చూడండి

మూడు మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్, సిలికాన్ కవర్ అయితే ఇబ్బంది లేదు. మందపాటి రబ్బరు కవర్లు, పర్సులా మడిచే లెదర్ కవర్లతో వేగం తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. మెటల్ ముక్క ఏదున్నా ప్రమాదమే: వేలికి పట్టుకునే రింగ్, కారులో అయస్కాంత హోల్డర్ కోసం కవర్ లోపల పెట్టిన ఇనుప రేకు, అందం కోసం అతికించిన బిళ్ల. మారే అయస్కాంత క్షేత్రంలో లోహం ఉంటే దాంట్లోనే కరెంటు సుళ్లు పుట్టి అది కాలుతుంది. మంచి ప్యాడ్ మధ్యలో ఏదో పరాయి వస్తువు ఉందని పసిగట్టి ఆపేస్తుంది, లైట్ మిణుకుమిణుకుమంటుంది. చవక ప్యాడ్ ఆపుతుందన్న భరోసా లేదు.

కవర్ వెనక కార్డులు పెట్టుకునే అలవాటు మన వాళ్లకు బాగా ఎక్కువ. ఏటీఎం కార్డు, మెట్రో కార్డు, ఆఫీసు ఐడీ కార్డు అన్నీ అక్కడే. వాటి అయస్కాంత పట్టీ గానీ లోపలి చిప్ గానీ ఈ క్షేత్రంలో పాడయ్యే అవకాశం ఉంది. ఫోన్ ప్యాడ్ మీద పెట్టే ప్రతిసారీ కార్డు తీయడం ఎవరి వల్లా కాదు కాబట్టి ఆ కార్డులకు వేరే చోటు చూసుకోవడమే దారి.

ఐదో మెట్టు: కాయిల్ ఎక్కడుందో పట్టుకోవడం

అయస్కాంతాలున్న ఫోన్ అయితే ఈ భాగం వదిలేయండి, మీ పని అదే చూసుకుంటుంది. మిగతా అందరూ ఒక్కసారి కూర్చుని ఇది చేయాల్సిందే, పావుగంట పని, ఆ తర్వాత రోజూ సుఖం.

కవర్ మీరు రోజూ వాడేదే ఉంచండి. ప్యాడ్‌ని టేబుల్ మీద కదలకుండా పెట్టండి. ఫోన్ కింది అంచు మాత్రమే ప్యాడ్ మీద ఉండేలా పెట్టి, ఫోన్‌ని అర సెంటీమీటరు చొప్పున ప్యాడ్ మీదికి జరపండి. జరిపిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగాలి, ప్యాడ్ సంకేతం పంపి జవాబు వినడానికి ఆ కాస్త టైం పడుతుంది, ఆగకుండా జరిపితే ఏమీ తెలియదు. ఛార్జింగ్ శబ్దం వచ్చిన చోట ఫోన్ కింది అంచు ఎక్కడుందో టేబుల్ మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇప్పుడు ఫోన్ తీసేసి అవతలి వైపు నుంచి, అంటే పై అంచు ప్యాడ్ మీద ఉండేలా పెట్టి అదే పని చేయండి, మళ్లీ శబ్దం వచ్చినప్పుడు ఆ కింది అంచే ఎక్కడుందో ఇంకో గీత. రెండు గీతలకు సరిగ్గా మధ్యలో కింది అంచు ఉన్నప్పుడు కాయిల్ మీద కాయిల్ ఉన్నట్టు. అడ్డంగా కూడా ఇలాగే చూడొచ్చు గానీ కాయిల్ ఎక్కువ ఫోన్లలో వెడల్పుకు నడుమనే ఉంటుంది కాబట్టి అంత అవసరం పడదు. మడత ఫోన్లలో మాత్రం కాయిల్ ఒక సగంలోనే ఉంటుంది, వాటికి రెండు వైపులా చూడండి.

చోటు దొరికాక ఫోన్ కింది అంచు వచ్చే దగ్గర టేబుల్ మీదో ప్యాడ్ మీదో చిన్న టేప్ ముక్క, కాస్త మందంగా చేతికి తగిలేలా అతికించండి. రాత్రి లైట్ ఆపేశాక కూడా వేలితో తడిమి అంచును దానికి ఆనించి పెట్టేయొచ్చు. స్టాండ్ రకం వాడేవాళ్లకు ఎత్తుతో పేచీ వస్తుంది. ఫోన్ చిన్నదైతే దాని కాయిల్ స్టాండ్ కాయిల్ కన్నా కిందికి ఉండిపోతుంది, అప్పుడు స్టాండ్ అడుగు అంచు మీద కావలసినంత మందం అట్టముక్క పెట్టి ఎత్తు సరిచేయండి. రెండు కాయిల్స్ ఉన్న స్టాండ్ కొంటే ఈ తంటా ఉండదు.

పొద్దున లేచేసరికి ఎక్కలేదు అనేవాళ్లకు ఇంకొక మాట. బల్లపరుపు ప్యాడ్ మీద నున్నటి కవర్ ఉన్న ఫోన్, రాత్రి వచ్చే మెసేజ్‌లకు వైబ్రేట్ అవుతూ అవుతూ మిల్లీమీటరు చొప్పున జరిగిపోతుంది. పడుకునేటప్పుడు సరిగ్గానే పెట్టారు, అర్ధరాత్రికి అది కాయిల్ దాటేసింది. రాత్రిపూట వైబ్రేషన్ ఆపేయండి, లేదా పైన రబ్బరు వలయం ఉన్న ప్యాడ్ చూసుకోండి.

ఆరో మెట్టు: వేడి

లిథియం-అయాన్ బ్యాటరీని తొందరగా ముసలిదాన్ని చేసేవి రెండు, ఎక్కువ వేడి, ఎక్కువసేపు వంద శాతం దగ్గర ఉండటం. వైర్‌లెస్ ఛార్జింగ్‌ని అజాగ్రత్తగా వాడితే రెండూ కలిసి వస్తాయి. ఫోన్ వేడెక్కగానే తనను తాను కాపాడుకోవడానికి తీసుకునే పవర్ తగ్గించేస్తుంది, కాబట్టి వేడిగా ఉన్న 15 వాట్ల ఛార్జింగ్ కాసేపటికి 5 వాట్ల దగ్గరికి వచ్చేస్తుంది. మెల్లగా ఎక్కుతోంది, వేడెక్కుతోంది అని రెండు ఫిర్యాదులు చెబుతారు గానీ రెండూ ఒకటే. ఐఫోన్‌లో అయితే ఛార్జింగ్ హోల్డ్‌లో పెట్టామని, చల్లబడ్డాక మళ్లీ మొదలవుతుందని తెర మీద మెసేజ్ కూడా వస్తుంది. ఐఫోన్ వాడటానికి తగిన పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలని ఆపిల్ చెబుతోంది. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో ఫ్యాను కింద ఉన్న గదిలో ఆ 35 ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, అంటే ఛార్జింగ్ మొదలు కాకముందే ఫోన్ హద్దు దగ్గరుంది.

అందుకని ఎండాకాలంలో టైం మార్చండి. మధ్యాహ్నం 12 నుంచి 5 దాకా ప్యాడ్ వాడకండి, అవసరమైతే కేబుల్ పెట్టుకోండి. తెల్లవారుజామున గది చల్లబడ్డాక పెట్టినా, ఏసీ వేసిన గదిలో పెట్టినా తేడా వెంటనే తెలుస్తుంది. ప్యాడ్‌ని దుప్పటి మీద, దిండు పక్కన, సోఫా మీద పెట్టొద్దు. చెక్క, రాయి లాంటి గట్టి ఉపరితలం మీద, ఫ్యాను గాలి తగిలేలా ఉండాలి. గ్రానైట్ గట్టు ఎండ పడని చోట ఉంటే అన్నిటికన్నా మేలు. బల్లపరుపు ప్యాడ్ కన్నా స్టాండ్ రకం చల్లగా ఉంటుంది, వీపుకు గాలి తగులుతుంది కాబట్టి. ప్యాడ్ మీద పెట్టి వీడియో చూడటం, హాట్‌స్పాట్ ఆన్ చేయడం, గేమ్ ఆడటం అసలు వద్దు.

వేడి ఎంతుందో ఊహించక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో ఆంపియర్ లాంటి ఉచిత యాప్ బ్యాటరీ ఉష్ణోగ్రత చూపిస్తుంది. 35, 38 అంటే మామూలే. 40 దాటి అక్కడే ఉంటే కవర్ తీయండి, చోటు సరిచూడండి. 43, 44 కనిపిస్తే ఫోన్ ఎత్తేసి చల్లబడనివ్వండి. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, లోపల తేమ పట్టి అసలుకే మోసం వస్తుంది. యాప్ లేకపోతే చేతి వెనకవైపుతో ఫోన్ వీపు తాకండి. కాయిల్ సరిగ్గా కూర్చుంటే వెచ్చదనం వీపంతా సమంగా పాకి ఉంటుంది, ఒక పక్క మాత్రమే చురుక్కుమంటే ఫోన్ జరిగిందని అర్థం, లేదా మధ్యలో ఏదో మెటల్ ఉంది.

ఏడో మెట్టు: సెట్టింగ్స్

ఐఫోన్ 15, ఆ తర్వాతి మోడళ్లలో బ్యాటరీ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే లిమిట్ ఉంటుంది. శాంసంగ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ అనే పేరుతో ఉంది. రాత్రంతా ప్యాడ్ మీద ఉంచేవాళ్లు ఇది ఆన్ చేసుకుంటే బ్యాటరీ ఆయుష్షు పెరుగుతుంది. శాంసంగ్ ఛార్జింగ్ సెట్టింగ్స్‌లోనే ఫాస్ట్ వైర్‌లెస్ ఛార్జింగ్ అనే స్విచ్ కూడా ఉంటుంది. పగలు ఆన్‌లో ఉంచండి, రాత్రికి ఆఫ్ చేయండి. రాత్రి ఆరేడు గంటలు ఉంది కదా, ఎలాగూ మెల్లగా ఎక్కినా నిండిపోతుంది, వేడి తక్కువ.

ఎనిమిదో మెట్టు: పని చేస్తోందా లేదా కొలవండి

బ్యాటరీ 30 శాతం దగ్గర ఉన్నప్పుడు ప్యాడ్ మీద పెట్టి, తెర ఆపేసి, అరగంట తర్వాత చూడండి. 5000 ఎంఏహెచ్ ఫోన్‌కి 8, 10 శాతం పెరిగిందంటే 5 వాట్లే వస్తున్నట్టు. 20కి అటూఇటూ పెరిగితే 15 వాట్ల ప్యాడ్ బాగా పని చేస్తోంది. నాలుగైదు దగ్గర ఆగిపోతే ఏదో తప్పుంది. అప్పుడు ఒక్కొక్కటే మార్చి చూడాలి, అన్నీ ఒకేసారి మారిస్తే తప్పు ఎక్కడుందో తెలియదు. ముందు కవర్ తీసి అరగంట, తర్వాత అడాప్టర్ మార్చి అరగంట, తర్వాత కేబుల్. కేబుల్‌ని ఎవరూ అనుమానించరు గానీ సన్నటి పాత కేబుల్‌లో వోల్టేజ్ పడిపోయి ప్యాడ్ వేగం తగ్గించుకోవడం మామూలే.

కారులో

డ్యాష్‌బోర్డ్ మీద ఎండ పడే చోట పెట్టే హోల్డర్ కన్నా ఏసీ వెంట్‌కి తగిలించే క్యూఐ2 హోల్డర్ చాలా నయం, చల్లటి గాలి నేరుగా ఫోన్ వీపుకు తగులుతుంది. చలికాలంలో హీటర్ వేస్తే అదే వెంట్ శత్రువవుతుంది, గుర్తుంచుకోండి. కారులోనే అమర్చి వచ్చే ప్యాడ్‌లలో కొన్నింటికి కింద ఫ్యాన్ ఉంటుంది, మిగతావాటిలో ఫోన్ మూసిన గూట్లో ఉన్నట్టే. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా మ్యాప్స్ ఆన్‌లో పెట్టి, ఫోన్‌ని కారు తెరకు కలిపే వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో నడుపుతూ, ఆ గూట్లో పెడితే సూర్యాపేట వచ్చేసరికి ఫోన్ ఛార్జింగ్ ఆపేసినా ఆశ్చర్యం లేదు. దూర ప్రయాణానికి కేబులే పెట్టండి. బైక్ హ్యాండిల్ మీద పెట్టే వైర్‌లెస్ హోల్డర్లకు ఇంకో చిక్కుంది, బలమైన ఇంజన్ల కుదుపు వల్ల ఫోన్ కెమెరాలో కదిలే లెన్స్ భాగాలు పాడవచ్చని ఆపిల్ హెచ్చరించింది.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే

ఇది తేలిగ్గా తీసుకోవద్దు. పేస్‌మేకర్, గుండెలో అమర్చే డీఫిబ్రిలేటర్ లాంటివి బలమైన అయస్కాంతానికి తమ పనితీరు మార్చుకునేలా తయారై ఉంటాయి. మ్యాగ్‌సేఫ్ ఫోన్లని, ఛార్జర్లని ఆ పరికరానికి 15 సెంటీమీటర్లకు పైగా దూరం ఉంచాలి, వైర్‌లెస్‌గా ఛార్జ్ అవుతున్నప్పుడు 30 సెంటీమీటర్లకు పైగా. అంటే అమ్మమ్మ, తాతయ్య ఫోన్‌ని చొక్కా జేబులో, జాకెట్లో పెట్టుకోకూడదు, ప్యాడ్ మంచం తల దగ్గర ఉండకూడదు. వాళ్ల డాక్టర్‌ని ఒకసారి అడిగి, ప్యాడ్‌ని హాల్లో పెట్టేయండి.

ఫోన్ నుంచి ఫోన్‌కి

కొన్ని ఫోన్లు తామే ప్యాడ్‌గా మారి ఇంకో పరికరానికి ఛార్జింగ్ ఇవ్వగలవు. 2018లో హువావే మేట్ 20 ప్రోతో ఇది మొదలైంది. ఇచ్చేది 4, 5 వాట్లే, నష్టం మరీ ఎక్కువ. రైల్లో ఇయర్‌బడ్స్ డబ్బా అయిపోతే వాడుకోవడానికి బాగుంటుంది. ఇంకో ఫోన్‌కి ఎక్కిస్తే మీ బ్యాటరీలో 20 శాతం పోయి అవతలివాళ్లకు పదో పన్నెండో చేరుతుంది. వాడాక ఆఫ్ చేయడం మర్చిపోకండి.

అయినా ఎక్కకపోతే

ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి. టైప్-సి పోర్టులో కేబుల్ ఉంటే తీసేయండి, కేబుల్ ఉన్నప్పుడు వైర్‌లెస్ పని చేయదు. పోర్టులో చెమ్మ ఉందని వచ్చే హెచ్చరిక కేబుల్ ఛార్జింగ్‌నే ఆపుతుంది, అప్పుడు వీపు పొడి బట్టతో తుడిచి ప్యాడ్ మీద పెట్టుకోవచ్చు. నిజానికి వానాకాలంలో ప్యాడ్ అసలు విలువ తెలిసేది అప్పుడే. వెనక గ్లాస్ పగిలి బయట మార్పించుకున్నాక ఛార్జింగ్ ఆగిపోతే అతికించేటప్పుడు కాయిల్ రిబ్బన్ తెగి ఉంటుంది లేదా సరిగ్గా తగిలించి ఉండరు, మార్చిన చోటికే తీసుకెళ్లి ముందు అదే చూడమనండి. వేరే ఫోన్ అదే ప్యాడ్ మీద బాగా ఎక్కుతుంటే తప్పు మీ ఫోన్‌లో ఉంది, మీ ఫోన్ వేరే ప్యాడ్ మీద ఎక్కుతుంటే తప్పు ప్యాడ్‌లో ఉంది. ఫోన్ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు కూడా ప్యాడ్ వేడిగా ఉంటే, కాలిన వాసన వస్తే, ప్లాస్టిక్ ఉబ్బితే అప్పటికప్పుడు ప్లగ్ తీసేసి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి, రిపేరు చేయించి మళ్లీ వాడొద్దు.